విమానాశ్రయ ఎక్స్-రే తనిఖీ: ఎలక్ట్రానిక్ పరికరాలపై, డేటా నిల్వ మాధ్యమాలపై ప్రభావం

ప్రయాణికుల చేతి సంచులను, విమానం సరుకు అరలోకి వెళ్ళే సామానును తెరవకుండా లోపలి వస్తువులను ఎక్స్-కిరణాల సాయంతో చూడటాన్ని విమానాశ్రయ ఎక్స్-రే తనిఖీ అంటారు. ఎక్స్-కిరణాలు అయనీకరణ వికిరణం. పదార్థంలోని పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టగలవు. అందువల్ల ల్యాప్‌టాప్, ఫోను, హార్డ్ డిస్క్, పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు ఈ యంత్రంలోంచి వెళితే పాడవుతాయా, వాటిలోని ఫైళ్ళు చెరిగిపోతాయా అన్న సందేహం ఈ యంత్రాలు వచ్చిన నాటి నుంచీ ఉంది. వాటికి హాని కలిగించే మోతాదుతో పోలిస్తే తనిఖీలో అందే మోతాదు లక్షల రెట్లు తక్కువ. ఈ యంత్రాల వల్ల నిజంగా దెబ్బతినే ప్రధాన మాధ్యమం ఒక్కటే: ఇంకా డెవలప్ చేయని ఫొటో ఫిల్ము. అది కాక, కొన్ని వైద్య పరికరాలు, వికిరణాన్ని కొలిచే బ్యాడ్జీలు ప్రత్యేకంగా చెప్పుకోవలసినవి.

పరిధి

ఈ వ్యాసం సామాను తనిఖీకి వాడే ఎక్స్-రే యంత్రాలకు సంబంధించినది. ప్రయాణికులు నడిచి వెళ్ళే లోహ శోధక ద్వారం, సిబ్బంది చేతిలో పట్టుకునే లోహ శోధకం ఎక్స్-రే యంత్రాలు కావు. అవి అయస్కాంత క్షేత్రంతో పనిచేస్తాయి. పూర్తి శరీర స్కానర్లలో ఇప్పుడు విస్తృతంగా ఉన్నవి మిల్లీమీటర్ తరంగాలతో నడుస్తాయి. శరీరాన్ని ఎక్స్-కిరణాలతో చూసే బ్యాక్‌స్కాటర్ యంత్రాలను అమెరికా విమానాశ్రయాల నుంచి 2013లో తొలగించారు. సందేహాల్లో చాలా భాగం ఈ మూడు రకాల యంత్రాలను ఒకటిగా కలిపి చూడటం వల్ల వచ్చినవే కాబట్టి, ఏది ఏ సూత్రం మీద నడుస్తుందో మొదటే వేరు చేసుకోవాలి. (చూ. అయస్కాంత మాధ్యమాలు)

చరిత్ర

విల్‌హెల్మ్ రాంట్‌జన్ జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో 1895 నవంబరు 8న ఎక్స్-కిరణాలను కనుగొన్నాడు. మూసి ఉన్న పెట్టెలోని వస్తువును చూడవచ్చన్న సంగతి అప్పుడే తెలిసినా, ప్రయాణికుల సామానుకు ఆ పద్ధతి రావడానికి ముప్పావు శతాబ్దం పట్టింది. 1960ల చివర, 1970ల మొదట్లో విమాన హైజాకింగ్‌లు పెరిగిపోవడంతో అమెరికా 1973 జనవరి 5 నుంచి ప్రయాణికులందరినీ, వారి చేతి సామానును తనిఖీ చేయడం తప్పనిసరి చేసింది. ప్రతి సంచినీ చేత్తో వెతకడం వేలమంది ప్రయాణికులతో సాధ్యం కాదు. కన్వేయర్ బెల్టు ఉన్న ఎక్స్-రే పెట్టె అలా విమానాశ్రయంలోకి వచ్చింది. దాని నుంచి బయటికి లీకయ్యే వికిరణంపై అమెరికా పెట్టిన ప్రమాణం సామాను తనిఖీ యంత్రాలకు 1974 ఏప్రిల్ 25 నుంచి వర్తించింది. యంత్రం పైతలం నుంచి ఐదు సెంటీమీటర్ల దూరంలో గంటకు 0.5 మిల్లీరాంట్‌జన్ దాటకూడదన్నది ఆ నియమం.

భారతదేశంలో 1976 సెప్టెంబరులో జరిగిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం హైజాకింగ్ తర్వాత, 1978 జనవరిలో పౌర విమానయాన భద్రతా బ్యూరో (బీసీఏఎస్) ఏర్పడింది. మొదట అది పౌర విమానయాన డైరెక్టరేట్‌లో ఒక విభాగం మాత్రమే. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా ‘కనిష్క’ విమానం అట్లాంటిక్ మీద పేలిపోయి 329 మంది మరణించారు. బాంబు సరుకు అరలోని సూట్‌కేసులో ఉంది. ఆ రోజు టొరంటోలో సామాను చూసే ఎక్స్-రే యంత్రం మధ్యలో పనిచేయడం మానేసింది. మిగిలిన సామానును చేతి శోధక పరికరంతో చూసి పంపారు. ఈ దుర్ఘటన తర్వాత 1987 ఏప్రిల్ 1న బీసీఏఎస్ స్వతంత్ర శాఖ అయింది.

ఎలక్ట్రానిక్ పరికరాల తనిఖీకి మూలమైన ఘటన 1988 డిసెంబరు 21న జరిగింది. స్కాట్లాండ్‌లోని లాకర్‌బీ మీద పాన్ ఆమ్ 103 విమానం బాంబు పేలి కూలి, నేల మీద ఉన్నవారితో కలిపి 270 మంది చనిపోయారు. పేలుడు పదార్థాన్ని దాచింది తోషిబా రేడియో క్యాసెట్ ప్లేయర్‌లో. మామూలు ఎక్స్-రే తెర మీద అది రేడియోలాగే కనిపిస్తుంది. అప్పటి నుంచి విమానాశ్రయంలో ప్రతి ఎలక్ట్రానిక్ వస్తువూ ప్రత్యేకంగా చూడవలసిన వస్తువైంది. ఆసుపత్రి సీటీ స్కాన్ సూత్రంతో పేలుడు పదార్థాన్ని దాని సాంద్రతను బట్టి పట్టే సీటీఎక్స్ 5000 యంత్రానికి అమెరికా విమానయాన సంస్థ 1994 డిసెంబరులో అనుమతి ఇచ్చింది. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత 2002 చివరికల్లా చెక్-ఇన్ సామాను అంతటినీ తనిఖీ చేయాలన్న చట్టం వచ్చి, ఇలాంటి పెద్ద యంత్రాలు అమెరికా అంతటా వెలిశాయి.

యంత్రాల రకాలు, పనితీరు

చేతి సామాను యంత్రంలో ఎక్స్-రే గొట్టం బెల్టుకు కిందో పక్కనో ఉంటుంది. వేడెక్కిన ఫిలమెంటు నుంచి వెలువడిన ఎలక్ట్రాన్లను సాధారణంగా 140 నుంచి 160 కిలోవోల్టుల వోల్టేజీతో టంగ్‌స్టన్ లక్ష్యం మీదికి తోస్తారు. అక్కడ ఎక్స్-కిరణాలు పుడతాయి. వాటిని సన్నని చీలికగుండా పంపి విసనకర్ర ఆకారంలో పలచని పొరలా చేస్తారు. సంచి బెల్టు మీద కదులుతూ ఆ పొరను దాటుతుంది. అవతలి వైపు వరుసగా అమర్చిన డిటెక్టర్లు ఒక్కొక్క గీతను నమోదు చేస్తే, గీతలన్నీ కలిసి బొమ్మ అవుతుంది. సంచిలోని ఏ వస్తువు మీదైనా కిరణాలు పడేది ఆ పొరను దాటే కొద్ది క్షణాలే. పెట్టెకు రెండు వైపులా వేలాడే బరువైన తెరల్లో సీసం ఉంటుంది. లోపల చెదిరిన కిరణాలను అవి ఆపుతాయి.

తెర మీద కనిపించే రంగులు రెండు శక్తిస్థాయుల్లో కొలతలు తీసుకోవడం వల్ల వస్తాయి. తక్కువ పరమాణు సంఖ్య ఉన్న సేంద్రియ పదార్థాలు (బట్టలు, ఆహారం, ప్లాస్టిక్, పేలుడు పదార్థాలు) నారింజ రంగులో, లోహాలు నీలంలో, మధ్యస్థమైనవి ఆకుపచ్చలో కనిపిస్తాయి. ల్యాప్‌టాప్‌ను సంచి నుంచి తీసి విడిగా ట్రేలో పెట్టమనేది ఇందుకే. సర్క్యూట్ బోర్డు, బ్యాటరీ, లోహపు చట్రం కలిసిన దట్టమైన నీడ దాని కింద ఉన్నదాన్ని కప్పేస్తుంది. కిరణాలు ల్యాప్‌టాప్‌కు హాని చేస్తాయని తీయమంటున్నారనుకునేవారు చాలామంది ఉన్నారు. నిజానికి విడిగా పెట్టిన ల్యాప్‌టాప్ కూడా అదే కిరణాల కిందికే వెళుతుంది.

సీటీ యంత్రంలో గొట్టం, డిటెక్టర్లు సామాను చుట్టూ తిరుగుతూ అనేక కోణాల నుంచి చిత్రాలు తీస్తాయి; వాటిని కలిపి కంప్యూటర్ మూడు కొలతల బొమ్మ తయారుచేస్తుంది. బొమ్మను తెర మీద ఏ వైపుకైనా తిప్పి చూడవచ్చు కాబట్టి ల్యాప్‌టాప్‌ను సంచిలోనే ఉంచవచ్చు. 1990ల నుంచి చెక్-ఇన్ సామానుకే వాడిన ఈ పద్ధతి గత కొన్నేళ్ళుగా చేతి సామాను వరుసల్లోకీ వస్తోంది. దీని మోతాదు పాత యంత్రం కంటే చాలా ఎక్కువ. ఫిల్ము వాడేవారి ఆందోళన మళ్ళీ మొదలైంది ఈ మార్పుతోనే. (చూ. ఫొటో ఫిల్ము)

మోతాదు

ఒక వస్తువుకు హాని కలుగుతుందా లేదా అన్నది కిరణాలు తగిలాయా అన్నదాని మీద కాక, ఎంత తగిలాయన్నదాని మీద ఆధారపడుతుంది. పదార్థం కిలోగ్రాముకు పీల్చుకున్న వికిరణ శక్తి ఒక జౌల్ అయితే దాన్ని ఒక గ్రే అంటారు. పాత ప్రమాణంలో అది వంద రాడ్‌లు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ లెక్కలో సామాను తనిఖీ యంత్రంలో వస్తువుకు ఒకసారి అందే మోతాదు సాధారణంగా ఒక మిల్లీరాడ్, అంటే పది మైక్రోగ్రేలు, లేదా అంతకంటే తక్కువ.

నేల, గాలి, ఆహారం, అంతరిక్షం నుంచి మనిషికి సహజంగా అందే వికిరణం ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు, రోజుకు ఆరేడు మైక్రోసీవర్ట్‌లు. సీవర్ట్ శరీరంపై ప్రభావాన్ని లెక్కించే ప్రమాణం, గ్రే పదార్థానికి అందిన శక్తికి ప్రమాణం. రెండూ ఒకటి కావు. అయినా స్థాయిని పోల్చడానికి ఇది చాలు: ఒక స్కాన్ దాదాపు ఒకటి రెండు రోజుల సహజ వికిరణానికి మించదు. ఆ స్కాన్ దాటి ఎక్కే విమానంలో అందేది దానికంటే ఎక్కువ. ప్రయాణ ఎత్తులో విశ్వకిరణాల వల్ల గంటకు మూడు నుంచి ఐదు మైక్రోసీవర్ట్‌లు అందుతాయి. హైదరాబాదు నుంచి దోహా లేదా దుబాయ్ మీదుగా అమెరికా వెళ్ళే ప్రయాణికుడు గాల్లో ఉండేది కనీసం పదహారు గంటలనుకుంటే, 50 నుంచి 80 మైక్రోసీవర్ట్‌లు అవుతుంది. సంచిలోని ఫోను కూడా ఆ ప్రయాణమంతా అదే వికిరణంలో ఉంటుంది.

పై వైపు కొలమానం కావాలంటే మామిడిపండును చూడవచ్చు. 2007లో అమెరికా భారతీయ మామిడిపండ్ల దిగుమతికి అనుమతి ఇచ్చినప్పుడు, పురుగులను నిర్వీర్యం చేయడానికి కనీసం 400 గ్రేల వికిరణం ఇవ్వాలన్న షరతు పెట్టింది. అలా వెళ్ళే రకాల్లో బంగినపల్లి కూడా ఉంది. ఆ పండుకు అందే మోతాదు చేతి సంచికి ఒక స్కాన్‌లో అందేదానికి కనీసం నాలుగు కోట్ల రెట్లు.

మాధ్యమాల వారీగా ప్రభావం

*ఫొటో ఫిల్ము.* ఫిల్ము మీది ఎమల్షన్ పొరలో వెండి హాలైడ్ స్ఫటికాలు ఉంటాయి. కాంతి ఫోటాన్‌గానీ ఎక్స్-రే ఫోటాన్‌గానీ తగిలినప్పుడు స్ఫటికం మీద కొన్ని వెండి పరమాణువుల చిన్న గుంపు ఏర్పడుతుంది. డెవలపర్ ద్రావణంలో ముంచినప్పుడు ఆ గుంపు మొత్తం స్ఫటికాన్ని లోహ వెండిగా మార్చేస్తుంది. అంటే కంటికి కనపడని కొద్ది పరమాణువుల మార్పును డెవలపింగ్ కోట్ల రెట్లు పెంచి చూపిస్తుంది. కాంతికే స్పందించేలా చేసిన పదార్థం ఎక్స్-కిరణాలకూ స్పందిస్తుంది. పైగా ఇది కూడుకుంటూ పోతుంది. నాలుగు విమానాశ్రయాల్లో నాలుగు సార్లు స్కాన్ అయిన రీలు మీద నాలుగింటి ప్రభావమూ నిలిచే ఉంటుంది. ఫలితం బూడిద రంగు పొగమంచులా కనిపించే పొర, నీడల్లో వివరాలు పోవడం, గరుకుదనం.

సీటీఎక్స్ తరహా యంత్రం చేసిన హాని ఫిల్ము మీద గుర్తుపట్టగలిగే ఆకారంలో ఉంటుంది. ఆ యంత్రం మొదట తక్కువ మోతాదుతో చూసి, అనుమానం వచ్చిన చోట సన్నని, గాఢమైన కిరణపుంజంతో మళ్ళీ చూస్తుంది. రీలు చుట్టిన స్థితిలో ఆ పుంజం తగలడం వల్ల నెగటివ్‌ను సాగదీసినప్పుడు సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూ వెడల్పున్న పట్టీ అలలు అలలుగా పడి ఉంటుంది. డెవలప్ చేయని ఫిల్మును చెక్-ఇన్ సామానులో పెట్టవద్దని కొడాక్ హెచ్చరించింది ఈ అనుభవంతోనే. చేతి సామాను పాత యంత్రాల్లో ఐఎస్ఓ 800 కంటే తక్కువ వేగం ఉన్న ఫిల్ముకు కొద్ది స్కాన్‌లతో కనిపించేంత హాని ఉండదన్నది చాలాకాలం నడిచిన సలహా. చేతి సామానుకూ సీటీ వచ్చాక ఆ భరోసా పోయింది. వేగం ఏదైనా చేత్తో తనిఖీ చేయమని అడగడమే ఇప్పటి సలహా.

తెలుగు సినిమా యూనిట్లు విదేశాల్లో పాటలు చిత్రీకరించి, డెవలప్ కాని నెగటివ్ డబ్బాలతో తిరిగివచ్చి ల్యాబుకు అప్పగించిన రోజుల్లో ఇది పుస్తకాల్లోని సందేహం కాదు. డబ్బా మీద ఎక్స్-రే చేయవద్దన్న చీటీ అంటించి, సిబ్బందిని ఒప్పించడం కెమెరా సహాయకుల పనిలో భాగం. డెవలప్ అయిపోయిన నెగటివ్‌కు, ప్రింటుకు, స్లైడుకు ఏ యంత్రం వల్లా హాని లేదు. స్పందించే వెండి హాలైడ్ వాటిలో మిగిలి ఉండదు.

ఎలక్ట్రానిక్ మాధ్యమాల గురించిన భయం చాలా వరకు ఈ ఫిల్ము అనుభవం నుంచి సంక్రమించిందే. కెమెరాలో ఫిల్ము స్థానంలోకి మెమరీ కార్డు రాగానే, ఫిల్ము గురించిన హెచ్చరిక కూడా కార్డుకు బదిలీ అయింది.

*అయస్కాంత మాధ్యమాలు.* హార్డ్ డిస్క్, టేపు, ఫ్లాపీ, బ్యాంకు కార్డు వెనుక నల్లటి పట్టీ – వీటన్నిటిలో సమాచారం అయస్కాంత ధ్రువాల దిశగా ఉంటుంది. ఆ దిశను తిప్పాలంటే మాధ్యమం నిగ్రహ శక్తిని (ఆ మార్పును అడ్డుకునే బలాన్ని) మించిన అయస్కాంత క్షేత్రం కావాలి, లేదా విపరీతమైన వేడి కావాలి. ఎక్స్-రే ఫోటాన్‌లో ఆ రెండూ లేవు. కాబట్టి ఎక్స్-కిరణాలు అయస్కాంత సమాచారాన్ని చెరపవు; ఎన్నిసార్లు పంపినా చెరపవు.

పాత ఫ్లాపీల కాలంలో అనుమానం కిరణాల మీద కాక, యంత్రం బెల్టును నడిపే మోటారు మీద, ప్రయాణికుడు నడిచే లోహ శోధక ద్వారం మీద ఉండేది. ఈ అనుమానానికి భౌతిక ఆధారం ఉంది, అందుకే దాన్ని అంకెలతో చూడాలి. ఫ్లాపీల నిగ్రహ శక్తి రకాన్ని బట్టి సుమారు 300 నుంచి 700 ఓర్‌స్టెడ్‌లు. బ్యాంకు కార్డుల్లో తక్కువ రకానిది సుమారు 300, ఎక్కువ రకానిది 2,750 పైన. నేటి హార్డ్ డిస్కుల పళ్ళేలలో అది కొన్ని వేల ఓర్‌స్టెడ్‌లు. గాలిలో ఒక ఓర్‌స్టెడ్‌కు సరిపోయే క్షేత్రం ఒక గాస్. భూమి అయస్కాంత క్షేత్రమే సుమారు 0.25 నుంచి 0.65 గాస్ మధ్య ఉంటుంది. లోహ శోధక ద్వారాలు పుట్టించేది ఆ స్థాయికి దగ్గరగానే ఉంటుంది తప్ప వందల గాస్‌లు కాదు. మోటారు క్షేత్రం దూరంతో పాటు వేగంగా పడిపోతుంది.

అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ కంప్యూటర్ టేపుల మీద అయస్కాంతాల ప్రభావం గురించి 1972లోనే ఒక సాంకేతిక నివేదిక ప్రచురించింది. మాధ్యమానికీ అయస్కాంతానికీ మధ్య కొద్దిపాటి ఎడం ఉంచడమే మంచి రక్షణ అన్నది దాని సారం. ఇప్పటికీ బ్యాంకు కార్డు పట్టీని, అంతకంటే ముఖ్యంగా హోటల్ గది తాళపు కార్డును చెరిపేవి హ్యాండ్‌బ్యాగు అయస్కాంతపు గుండీ, ఫోను కవరులోని అయస్కాంతం. తనిఖీ యంత్రాలు కావు.

*ఫ్లాష్ మెమరీ.* పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, ఎస్ఎస్‌డీ, ఫోనులోని స్టోరేజీ అన్నీ ఈ కోవలోవే. తోషిబా ఇంజినీరు ఫుజియో మసువోకా 1980లలో రూపొందించిన ఈ మెమరీలో ఒక్కో అర చుట్టూ సిలికాన్ డయాక్సైడ్ వంటి నిరోధక పొర ఉంటుంది. లోపల ఇరికించిన ఎలక్ట్రాన్లు బయటికి పోలేవు. ఎలక్ట్రాన్లు ఎన్ని ఉన్నాయన్నదే సమాచారం. ఎక్స్-కిరణాలు సిద్ధాంతపరంగా ఈ ఆవేశాన్ని తగ్గించగలవు. నిరోధక పొరలో అవి ఎలక్ట్రాన్-రంధ్ర జంటలను పుట్టిస్తాయి. ధనావేశపు రంధ్రాలు లోపలికి చేరి నిల్వ ఉన్న ఎలక్ట్రాన్లను కొంత రద్దుచేస్తాయి. అతినీలలోహిత కాంతితో చెరిపే పాత ఈప్రామ్ చిప్‌లను గాఢమైన ఎక్స్-కిరణాలతో కూడా చెరపవచ్చు. అంటే హాని జరిగే దారి ఉంది. ప్రశ్న మళ్ళీ మోతాదు దగ్గరికే వస్తుంది.

లెక్క వేసి చూడవచ్చు. సిలికాన్ డయాక్సైడ్‌లో ఒక రాడ్ మోతాదుకు ఘన సెంటీమీటరుకు సుమారు ఎనిమిది లక్షల కోట్ల జంటలు పుడతాయి. పొడవు, వెడల్పు యాభై నానోమీటర్లు, మందం పది నానోమీటర్లు ఉన్న నిరోధక పొరను తీసుకుంటే, ఒక మిల్లీరాడ్ స్కాన్‌లో సగటున యాభై లక్షల అరల్లో ఒక అరలో ఒక్క జంట పుడుతుంది. అరలో ఉండే ఎలక్ట్రాన్లు పాత తరంలో వేలల్లో, నేటి చిన్న అరల్లో వందల్లో ఉంటాయి. ఒక్క ఎలక్ట్రాన్ పోయినంత మాత్రాన విలువ మారదు. మారినా దోషాలను సరిదిద్దే కోడ్ ప్రతి కార్డులో, ప్రతి ఎస్ఎస్‌డీలో ఉంటుంది. చిప్‌లోని లోహపు పొరల దగ్గర మోతాదు కొంత ఎక్కువవుతుంది. ఆ మొత్తాన్ని పది రెట్లు చేసుకున్నా నిర్ణయం మారదు.

వికిరణ పరీక్షల్లో మామూలు వాణిజ్య ఫ్లాష్ చిప్‌లు సాధారణంగా కొన్ని పదుల నుంచి కొన్ని వందల గ్రేల దగ్గర విఫలమవడం మొదలుపెడతాయి. మొదట చెడేది తరచుగా నిల్వ అర కాదు. రాయడానికి, చెరపడానికి కావలసిన అధిక వోల్టేజీని తయారుచేసే సర్క్యూటు. ఉన్నది చదవడం సాగుతుంది, కొత్తది రాయడం సాగదు. యాభై గ్రేల స్థాయికి చేరాలంటే అదే కార్డును చేతి సామాను యంత్రంలోంచి కనీసం యాభై లక్షల సార్లు పంపాలి. సీటీ యంత్రంలో ఈ సంఖ్య తగ్గుతుంది, కానీ అప్పుడు కూడా ఒక జీవితకాలపు ప్రయాణాలకు అందదు.

*ఆప్టికల్ డిస్కులు.* సీడీ, డీవీడీ, బ్లూ-రేలలో సమాచారం గుంటలుగా గానీ, రంగు పొరలో మార్పుగా గానీ ఉంటుంది. ఎక్స్-రే తనిఖీ వల్ల వీటికి హాని లేదని అమెరికా ప్రమాణాల సంస్థ 2003లో ప్రచురించిన డిస్కుల సంరక్షణ మార్గదర్శిని చెప్పింది. రాయదగిన డిస్కులకు శత్రువులు ఎండ, వేడి, గీతలు.

*ప్రాసెసర్, ర్యామ్, కెమెరా సెన్సర్.* పనిచేస్తున్న చిప్‌లో ఒకే కణం ఒక బిట్‌ను తారుమారు చేయడం నిజమైన దృగ్విషయమే. 1979లో ఇంటెల్ పరిశోధకులు, ర్యామ్‌లో వస్తున్న కారణం తెలియని దోషాలకు చిప్ ప్యాకేజీలోని స్వల్ప రేడియోధార్మిక మలినాల ఆల్ఫా కణాలు మూలమని చూపించారు. విశ్వకిరణాల న్యూట్రాన్లు కూడా ఇదే చేస్తాయి. ఇవి ఒకేచోట దట్టంగా ఆవేశాన్ని వదిలే కణాలు. 160 కిలోవోల్టుల ఎక్స్-రే ఫోటాన్ అలా వదలలేదు. సిలికాన్ స్ఫటికంలోంచి పరమాణువును స్థానభ్రంశం చేసే శక్తి కూడా దానికి దాదాపు లేదు. అందుకే పరికరం స్విచ్ వేసి ఉన్నా ఆపి ఉన్నా తనిఖీలో తేడా రాదు. డిజిటల్ కెమెరా సెన్సర్లలో కాలం గడిచేకొద్దీ తెల్లని చుక్కల్లా మిగిలే దోషపు పిక్సెళ్ళకు విశ్వకిరణాలు ఒక కారణం. విమాన ప్రయాణంలో ఆ దోషాలు నేల మీద కంటే వేగంగా పెరుగుతాయని సెన్సర్ పరిశోధకులు చూపించారు. హాని వెతకాలంటే తనిఖీ పెట్టెలో కంటే ఆ తర్వాతి ప్రయాణంలో వెతకడం సబబు.

పరీక్షలు, పరిశ్రమ అనుభవం

డిజిటల్ కెమెరాలు వ్యాపించిన తొలి ఏళ్ళలో, 2004లో, అంతర్జాతీయ ఇమేజింగ్ పరిశ్రమల సంఘం మెమరీ కార్డులను విమానాశ్రయ యంత్రాల్లోంచి పంపించి చూసి, చేతి సామాను, చెక్-ఇన్ యంత్రాలు రెండింటిలోనూ హాని లేదని ప్రకటించింది.

మరో అనుభవం కర్మాగారాల నుంచి వచ్చింది. చిప్‌ల కింద కనపడని టంకపు గుళికలు సరిగా అతుక్కున్నాయా అని ఎలక్ట్రానిక్ కర్మాగారాలు ఎక్స్-రేతోనే చూస్తాయి. అక్కడ కిరణాల మూలం చిప్‌కు అతి దగ్గరగా ఉంటుంది, పరిశీలన నిమిషాల పాటు సాగవచ్చు. మోతాదు విమానాశ్రయం కంటే ఎన్నో రెట్లు. ఫ్లాష్ చిప్‌ల తయారీదారులు ఈ తనిఖీలో సమయం తగ్గించమని, తక్కువ శక్తి కిరణాలను ఆపడానికి పలచని జింకు రేకును అడ్డుపెట్టమని సూచిస్తారు. మన చేతికి వచ్చే ఫోనులోని చిప్‌లు ఇలాంటి పరిశీలన దాటి వచ్చినవి కావచ్చు.

హాని నిజంగా జరిగిన సందర్భం: 2001 తపాలా వికిరణం

2001 శరదృతువులో అమెరికాలో ఆంత్రాక్స్ సూక్ష్మజీవి పొడి ఉన్న ఉత్తరాలు వచ్చాక, అక్కడి తపాలా శాఖ వాషింగ్టన్ ప్రభుత్వ కార్యాలయాల ఉత్తరాలను ఒహాయోలోని లీమాలో, తర్వాత న్యూజెర్సీలోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఎలక్ట్రాన్ కిరణాలతో శుద్ధిచేయించింది. లక్ష్యంగా పెట్టుకున్న మోతాదు సుమారు 56,000 గ్రేలు. కాగితం పసుపు రంగుకు తిరిగి పెళుసెక్కింది, ప్లాస్టిక్ కరిగింది, ఫిల్ము పూర్తిగా పోయింది, మెమరీ కార్డులు పనికిరాకుండా పోయాయి. కార్డులను ఆ తపాలాలో పంపవద్దని కాంపాక్ట్‌ఫ్లాష్ తయారీదారుల సంఘం హెచ్చరించింది. వికిరణంతో కార్డులు పాడయ్యాయన్న వార్త ఈ సందర్భానిది. విమానాశ్రయ స్కాన్ మోతాదుకు, దీనికి మధ్య ఐదు వందల కోట్ల రెట్ల తేడా ఉందన్న సంగతి వదిలేసి ఆ వార్తను చెప్పుకోవడం వల్ల గందరగోళం పెరిగింది.

తనిఖీ వరుసలో ఇతర ప్రమాదాలు

కిరణాలతో సంబంధం లేకుండా తనిఖీ దగ్గర డేటా పోయే మార్గాలు కొన్ని ఉన్నాయి. తిరిగే పళ్ళేలున్న హార్డ్ డిస్క్ నడుస్తుండగా ట్రే బెల్టు చివర కొట్టుకుంటే, రీడింగ్ హెడ్ పళ్ళేన్ని గీకవచ్చు. ల్యాప్‌టాప్‌ను స్లీప్‌లో కాకుండా పూర్తిగా ఆపి పెట్టడం ఆ కారణంగా మంచిది. రద్దీ వేళల్లో ఒకే రకం ల్యాప్‌టాప్‌లు తారుమారవుతాయి. చెక్-ఇన్ సామానులో పెట్టిన డిస్కుకు దెబ్బ, దొంగతనం, సామాను దారితప్పడం అనే మూడు ప్రమాదాలూ ఉంటాయి. ముఖ్యమైన ఫైళ్ళకు ఇంటి దగ్గర ఇంకో కాపీ ఉంచడం, డిస్కును ఎన్‌క్రిప్ట్ చేయడం కిరణాలను అడ్డుకోవడానికి వాడే ఏ సీసపు సంచి కంటే అయినా మేలైన రక్షణ. సీసపు సంచి తెర మీద నల్లటి మచ్చలా కనిపించి, సిబ్బంది దాన్ని తెరిపించడానికే దారితీస్తుంది.

పవర్‌బ్యాంకులను, విడి లిథియం బ్యాటరీలను చెక్-ఇన్ సామానులో పెట్టకూడదన్న నియమం భారతదేశంలోనూ ఉంది. దానికి కారణం సరుకు అరలో మంటలు రేగే ప్రమాదం, ఎక్స్-రే కాదు. 2017 మార్చిలో దుబాయ్, అబుదాబి, దోహా సహా పది విమానాశ్రయాల నుంచి అమెరికా వెళ్ళే విమానాల్లో ఫోను కంటే పెద్ద పరికరాలను చేతి సామానులో నిషేధించారు. గల్ఫ్ మీదుగా అమెరికా వెళ్ళే తెలుగువారిలో చాలామంది ల్యాప్‌టాప్‌లను చెక్-ఇన్ సామానులో పెట్టవలసి వచ్చింది. జులై కల్లా ఆ నిషేధం తొలగింది. ఆ నిషేధం పెట్టడానికి కారణం పరికరాల్లో పేలుడు పదార్థాలు దాస్తారన్న భయం, ఎక్స్-రే కాదు.

మినహాయింపులు

వికిరణాన్ని నమోదు చేయడమే పనిగా ఉన్న వస్తువులు సహజంగానే ఎక్స్-కిరణాలకు స్పందిస్తాయి. ఆసుపత్రి ఎక్స్-రే విభాగాల్లో, పారిశ్రామిక రేడియోగ్రఫీలో పనిచేసేవారు ఛాతీకి పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జీ స్కాన్‌లోంచి వెళితే ఆ మోతాదు వారి లెక్కలో చేరుతుంది. ఇది నష్టం కాదు, తప్పు నమోదు. బ్యాడ్జీని పనిచోటే వదిలి వెళ్ళాలన్న నియమానికి ఇదీ ఒక కారణం.

మధుమేహులు వాడే ఇన్సులిన్ పంపులు, చర్మానికి అతికించుకుని గ్లూకోజ్‌ను నిరంతరం కొలిచే సెన్సర్లలో కొన్నింటిని ఎక్స్-రే యంత్రంలోంచి పంపవద్దని, చేతి తనిఖీ అడగమని వాటి తయారీ సంస్థలు చెబుతాయి. ప్రాణాధారమైన పరికరం విషయంలో సంస్థలు పరీక్షించి నిర్ధారించుకోని పరిస్థితిని అనుమతించవు. పరికరంతో వచ్చిన పుస్తకంలో ఏముందో అదే పాటించడం సరైనది. ఒకే రకం పరికరంలో కూడా ఒక సంస్థ అనుమతించినదాన్ని మరొక సంస్థ వద్దంటుంది.

చేతి తనిఖీ హక్కు అన్ని దేశాల్లో ఒకలా లేదు. అమెరికా విమాన భద్రతా నిబంధనల్లో, ప్రయాణికుడు కోరితే ఫొటో పరికరాలను, ఫిల్మును ఎక్స్-రే లేకుండా తనిఖీ చేయాలని స్పష్టంగా రాసి ఉంది. చాలా దేశాల్లో అది సిబ్బంది విచక్షణకు వదిలిన విషయం. ఫిల్ము వాడే ఫొటోగ్రాఫర్లు రీళ్ళను పెట్టెల్లోంచి తీసి పారదర్శకమైన సంచిలో విడిగా పట్టుకుని, వరుస మొదట్లోనే అధికారికి చూపించి అడుగుతారు; కెమెరాలో ఎక్కించి ఉన్న రీలును కూడా ముందే పూర్తిచేసి తీసేస్తారు.